మూడో గ్యాలరీలో మే నెల క్రిస్మస్

మే, మొదటి ఆదివారం

స్టార్ కట్టాను. స్టూలు మీద స్టూలు వేసుకొని, పైకప్పు ఇనుప దూలానికి దాన్ని వేలాడదీసేసరికి నా నడుము నాది కాకుండా పోయింది. కింద నిలబడ్డవాళ్లు మాత్రం "ఇంకొంచెం ఎడమకు రాహేలక్కా, ఇంకొంచెం కిందికి" అని సలహాలు ఇచ్చారు. ఒడ్డున నిలబడి ఈత నేర్పేవాళ్లకు ఈ గనిలో కొదవ లేదు.

పాటల గది బాధ్యత నాది కాబట్టి రోజూ ఏం జరిగిందో నమోదు చేయాలట. నోటితో చెప్తే యంత్రమే రాసిపెడుతుంది. నాకు ఇష్టం లేదు. ఇక్కడ నోటితో అన్న ప్రతి మాటా సల్లమ్మ వింటుంది. నా తిట్లు నాకే ఉండాలని చేత్తో రాస్తున్నాను.

సల్లమ్మ అంటే చలి పంచే యంత్రం. దానికి ఆఫీసువాళ్లు పెట్టిన పేరు మూరెడు ఉంటుంది, ఎవరికీ నోరు తిరగదు. ఎక్కడో అడుగు పొరల్లో కూర్చొని, గొట్టాల గుండా మా అందరికీ చల్లగాలి పంపుతుంది. ఒకప్పుడు ఈ గనిలో బొగ్గు తవ్వేవారు. ఆ తవ్విన సొరంగాలే గ్యాలరీలు, మాది మూడోది. ఇప్పుడు ఏప్రిల్ రాగానే ఊరంతా ఇందులోకి దిగుతాం. గోదావరి మీద మొదటి వాన పడితేగాని పైకి వెళ్లం. ఎండలో తిరిగేది గోదావరి దగ్గర నీళ్ల పంపులు చూసే పంపు డ్యూటీ వాళ్లు మాత్రమే. మా ఆయన బర్నబా ఆ డ్యూటీలోనే ఉన్నాడు. వెండి రంగు సూటు తొడుక్కుంటూ ఒక్క మాటే అన్నాడు.

"అక్కను సూస్కో రాహేలూ. ఆమె నోరు తెరిసి ఏదీ అడగది."

అక్క అంటే మా వదిన సలోమమ్మ. గుండె బలహీనం. ఉక్క ఎక్కువైతే కాళ్లు వాస్తాయి, ఊపిరి అందదు. చల్లదనమే ఆమెకు మందు అని డాక్టరు తేల్చి చెప్పింది. స్టార్ కట్టడం అయ్యాక వదిన దాన్ని తలెత్తి చూసి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మే నెలలో క్రిస్మస్ ఏమిటని మా నాయనమ్మ కాలంలో కొందరు వెక్కిరించారట. డిసెంబర్లో నేల చల్లబడుతుంది. దుక్కి, నాట్లు, కోత అన్నీ ఆ నాలుగు చల్లటి నెలల్లోనే కావాలి. కేకు కోయడానికి ఎవరికి తీరిక? అందుకే, పనీపాటా లేకుండా గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే ఎండాకాలంలోకి పండుగను తెచ్చుకున్నారు. అప్పటి పాస్టరుగారు ఒప్పుకోలేదట. కేకు తిన్నాక ఒప్పుకున్నారట. ఇప్పుడు మా గ్యాలరీలో గుడికి వెళ్లేవాళ్లు, మసీదుకు వెళ్లేవాళ్లు కూడా మే వచ్చిందంటే నా దగ్గరికొచ్చి, "పాటలు ఎప్పుడు?" అని అడుగుతారు.

మే, మొదటి గురువారం

సినిమాలు మొదలయ్యాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అన్నీ పాతకాలంవి, మంచు కురిసే దేశాలవి. కథ అన్నింటిలో ఒకటే. పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి ఏదో పని మీద చిన్న ఊరికి వస్తుంది. రొట్టెల కొట్టువాడితో కయ్యం పెట్టుకుంటుంది. చివరికి దీపాల చెట్టు కింద ఇద్దరూ ఒకటవుతారు. మొదటి ఐదు నిమిషాల్లోనే మాకు అంతా తెలిసిపోతుంది. అయినా చివర్లో ముక్కులు ఎగబీలుస్తాం.

సినిమాకు స్వెట్టర్లు వేసుకోవడం మా ఆచారం. ముత్తాతల పెట్టెల్లో దొరికినవి, జింక బొమ్మలవి, చిరుగులవి. చెమటలు కారుతున్నా వేసుకుంటాం. తెర మీద మంచు పడగానే అందరం ఒక్కసారిగా "హుహుహు" అని వణుకుతాం. అబద్ధం వణుకుడే, కాని కొంచెం సేపటికి నిజంగానే ఒళ్లు చల్లబడ్డట్టు ఉంటుంది. ముందు వరసలో ఒక చిన్నపిల్ల, "గంత ఉప్పు ఎవలు పారబోసిన్రు?" అని అడిగింది. గ్యాలరీ మొత్తం పగలబడి నవ్వింది.

ముస్తాబు కోసం గాలి గొట్టం మూతికి తళుకు కాగితం పట్టీలు కట్టాను. గాలికి అవి గలగలమంటూ ఎగురుతుంటే ముచ్చటగా ఉంది. నాకు మాత్రం కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. పైనుంచి బర్నబా కబురు ఇంకా రాలేదు.

మే, రెండో ఆదివారం

ఈరోజు సాక్ష్యాలు చెప్పుకున్నాం. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పడం ఎప్పటి నుంచో ఉన్నదే. "దేవుని కృప వల్ల మంచిగున్న. ఏ లోటు లేదు" అని మొదలుపెట్టడం అలవాటు. జ్వరంతో మూలుగుతున్నవాడు కూడా ఆ మాటే అంటాడు. వదిన అందరికంటే ఆఖరున లేచి, అందరికంటే గట్టిగా అంది. తర్వాత ఆమె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నారు. పాడుతూ పాడుతూ వదిన గోడ పట్టుకుంది.

నేను పైకి చూశాను. తళుకు కాగితాలు ఎగరడం లేదు. వేలాడుతున్నాయి.

గదికి వచ్చాక వదిన కాళ్లు చూశాను. చీలమండలు కనబడకుండా వాచాయి. వేలితో నొక్కితే గుంట పడింది.

"ఎట్లున్నది వదినా?"

"మంచిగనే ఉన్న. నీకేమైంది, మొకం గట్ల పెట్టినవు?"

మే, రెండో మంగళవారం

నిర్వహణ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ సాత్విక అనే ఇంజినీరు అమ్మాయి ఉంటుంది. మంచి పిల్ల, కాని నన్ను చూడగానే కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. అడగాల్సింది అడిగాను. మాకు చలి ఎందుకు తగ్గింది?

వేడిని కొలిచే పరికరాలు బొగ్గు ధూళికి చెడిపోయాయట. కొత్తవి వానలు పడ్డాకే దిగుతాయట. అప్పటిదాకా సల్లమ్మ మనుషుల గొంతులు విని చలి పంచుతోందట. గొంతులో బాధ వినిపించిన చోటికి ఎక్కువ, సంతోషం వినిపించిన చోటికి తక్కువ.

"మీ గ్యాలరీ అంత సుఖంగా ఉన్న గ్యాలరీ ఈ గనిలోనే లేదు అక్కా" అంది. "పొద్దస్తమానం పాటలు, నవ్వులు. ఆదివారం నాడైతే ఒకరి తర్వాత ఒకరు లేచి, మాకు ఏ లోటూ లేదని చెప్తున్నారు. అది విన్నదే నమ్ముతుంది."

"మరి నేను రోజూ అరుస్తనే ఉన్న గదా! నా గొంతు దానికి వినబడ్తలేదా?"

సాత్విక గోరు కొరుక్కుంది. "ఏమీ అనుకోవద్దు అక్కా. అది ప్రతి మనిషి మామూలు గొంతును గుర్తుపెట్టుకొని, అందులో వచ్చే తేడానే చూస్తుంది. మీరు ఇక్కడికి వచ్చిన మొదటి ఎండాకాలం నుంచీ సణుగుతూనే ఉన్నారు. దాని దృష్టిలో మీరు కులాసాగా ఉన్నట్టే లెక్క."

నా జన్మలో నాకు ఇంత అవమానం జరగలేదు.

చేత్తో మార్చే ఏర్పాటు పైన ఆఫీసులో ఉంది. ఉన్న సూట్లన్నీ పంపు డ్యూటీ వాళ్లు గోదావరికి వేసుకెళ్లారు, సూటు లేకుండా ఆ ఎండలోకి ఎవరినీ పంపరు. ఆసుపత్రి గదికీ మా గొట్టమే దిక్కు. ఇక మిగిలిన దారి ఒకటేనని సాత్విక చెప్పింది. "సలోమమ్మగారు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బాధ చెప్పుకోలేదు. అలాంటి గొంతు ఒక్క మాట అంటే చాలు, సల్లమ్మ ఉలిక్కిపడుతుంది. కాని ఆమే అనాలి. మనసులోంచి అనాలి. నటిస్తే అది పట్టేస్తుంది."

ఒక్క మాట. కొండను కదిలించమన్నా కదిలిస్తాను గాని, మా వదినతో ఆ మాట అనిపించడం నా తరమా?

మే, రెండో బుధవారం

ముందు తేలిక పని చేద్దామనుకొని పాటలు ఆపేశాను. సినిమాలు ఆపేశాను. గ్యాలరీ వాళ్లందరినీ కూర్చోబెట్టి, విషయం చెప్పి, సణగమన్నాను.

వాళ్ల వల్ల కాలేదు. "అమ్మో, ఉడికిపోతున్నం" అని ఒకాయన రాగం తీస్తే పక్కావిడ కిసుక్కుమంది. ఆవిడను చూసి ఇంకో నలుగురు నవ్వారు. ఒక ముసలాయన పైకి లేచి, గాలి గొట్టాన్ని చూస్తూ, "నీ జిమ్మడ, గాలి పంపవేందే సల్లమ్మా" అన్నాడు. దాంతో పిల్లలు నేల మీద పడి దొర్లారు. తళుకు కాగితం ఒక్కటీ కదలలేదు. కదలకపోగా ఇంకా చచ్చుబడ్డట్టు అనిపించింది.

వదినకు ఈ ఏర్పాటు నచ్చలేదు. నా గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"పాటలెందుకు ఆపినవు?"

"నీ కోసమే. ఉక్కపోస్తుందని ఒక్కసారి అను వదినా. ఒక్కసారి! నీ కాళ్లు సూస్కున్నవా?"

"నేనడిగితె నాకొస్తది. ఇంకోళ్లకు తగ్గుతది. నాలుగో గ్యాలరీల మనిషి పోయిండు. ఆ ఏడుపు గోడల నుంచి నువ్వు వినలేదా? ఆడ పసిపిల్లలున్నరు. వాళ్ల నోటికాడిది నేను గుంజుకోవాల్నా?"

"నీ ప్రాణం పోతది!"

"బొగ్గులకు దిగేటోడు 'నాకు మంచిగ లేదు' అంటె వెనకున్నోళ్ల ధైర్యం పోతదని మా ముత్తాత అనేటోడంట. మా ఇంట్ల ఎవలం అనం. మంచిగనే ఉన్న రాహేలూ. పాట పెట్టు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ తమ్ముడొచ్చి అడిగితె ఏం చెప్పాలె? మంచిగున్న మంచిగున్న అనుకుంటనే పోయిందని చెప్పనా?" అని అరిచాను. వదిన ముఖం గోడకు తిప్పుకుంది. అరిచినందుకు నాకే సిగ్గేసింది, కాని తగ్గలేదు. ఆమె మంచితనం చూస్తే నాకు భయం. ఇంత మంచితనంతో మనిషి బతకలేదు.

పాట మాత్రం పెట్టాను.

మే, రెండో శనివారం

మూడు రోజులుగా వదిన అన్నం సరిగా తినడం లేదు. పడుకుంటే ఊపిరి అందదని దిండ్లు ఎత్తుగా వేసుకొని కూర్చుంటోంది. నేను ఆమె గదికీ గాలి గొట్టానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. విసనకర్రతో విసిరితే వేడి గాలే తిరిగి ముఖాన కొడుతోంది.

మధ్యాహ్నం నాలుగో గ్యాలరీ నుంచి మొండయ్య వచ్చాడు. పోయింది ఆయన సొంత తమ్ముడు. రెండు గ్యాలరీల మధ్య దారికి గాలి గొట్టం లేదు, అది కొలిమే. ఆయన వగరుస్తూ, చెమటతో తడిసి ముద్దై, వదిన గది గుమ్మంలో నిలబడ్డాడు. చలి గురించి గొడవకు వచ్చాడేమోనని నేను కొంగు బిగించాను.

"చెల్లె, మీరు సినిమాకు ఏసుకునే స్వెట్టర్లున్నయి గదా" అన్నాడు. "జర అప్పిస్తవా?"

"స్వెట్టర్లా! ఎందుకన్నా?"

"మా దిక్కు ఒకటే సలి. తమ్ముడు పోయిన కాడికెళ్లి గొట్టం హోరుమంటనే ఉన్నది. పిల్లలకు పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. దుప్పట్లు సాలుతలేవు. ఇంట్ల మనిషి పోతె ఇల్లు గిట్లనే సల్లబడ్తదేమో అనుకున్నం. ఎవలకు చెప్పలే."

 వెనక మంచం మీద వదిన అంతా విన్నది. వాళ్లు ఏడుస్తున్నారని సల్లమ్మ మా చలి కూడా తీసుకెళ్లి వాళ్ల మీద గుమ్మరిస్తోంది. పసిపిల్లల నోటికాడిదని వదిన ఎవరి కోసం వదులుకుందో, ఆ పిల్లలే దాంతో వణికిపోతున్నారు.

వదినను వాళ్ల గ్యాలరీకి తీసుకువెళ్దామా అన్నాను. మొండయ్య ఆమెను ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆ దారిల నాకే పానం పోయినంత పనైంది చెల్లె."

"స్వెట్టర్లన్నీ ఇచ్చెయ్ రాహేలూ" అంది వదిన. "జింక బొమ్మది పెద్దపిల్లకు సరిపోతది."

"అక్కా, నీకెట్లున్నది?" అని మొండయ్య అడిగాడు.

వదిన నోరు తెరిచింది. "మంచి..." అని ఆగింది. తర్వాత మా ఇద్దరిలో ఎవరి ముఖమూ చూడలేదు.

మే, మూడో ఆదివారం

సాక్ష్యాల పూట. వదినను కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు కూర్చోబెట్టాం. స్వెట్టర్లు లేకపోయేసరికి గ్యాలరీ బోసిగా కనిపించింది. స్టార్ ఒక్కటే వెలుగుతోంది.

ఒక్కొక్కరే లేచారు. సణగమని నేను ఎంత చెప్పినా, అలవాటైన నోరు ఊరుకుంటుందా? "దేవుని కృప వల్ల మంచిగున్న" అన్నారు, నాలుక కరుచుకొని నా వైపు చూశారు. నాకు వాళ్ల మీద కోపం కూడా రాలేదు. నేను వదిననే చూస్తున్నాను. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి.

చివరికి ఆమె వంతు వచ్చింది. లేవబోయింది, కాళ్లు సహకరించలేదు. కూర్చునే మొదలుపెట్టింది.

"దేవుని కృప వల్ల..."

ఆగింది.  ఎవరో దగ్గితే పక్కవాళ్లు ఆపారు.

"దేవుని కృప వల్ల ఇన్నేండ్లు మంచిగున్న అని చెప్పిన. ఇయ్యాల చెప్పలేను. నాకు మంచిగ లేదు. ఉక్కపోస్తుంది. ఊపిరాడ్తలేదు. పండుకుంటె నీళ్లల్ల మునిగినట్టు అయితుంది. మీ ముందర నవ్వుడు నాతోని అయితలేదు. నాకు భయమైతుంది. నా తమ్ముడు వచ్చేదాక ఉండాల్నని ఉన్నది. వాన సూడాల్నని ఉన్నది. ప్రభువా, నాకు జర సల్లగ గావాలె."

అంతే. ఆ తర్వాత వదిన రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆమె ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. అత్తగారు పోయిన రోజు కూడా అందరికీ టీ పోసిన మనిషి. నాకు ఏడుపు ఆగలేదు. ముందు వరసలో పిల్లలకు ఏం అర్థమైందో, వాళ్లూ గొల్లుమన్నారు. ఎన్ని రోజులుగా బిగబట్టుకున్నారో, గ్యాలరీలో ఒక్కొక్కరే బయటపడ్డారు. ఒకావిడ తనకు నిద్ర పట్టడం లేదంది. ఇంకొకాయన పంపు డ్యూటీకి వెళ్లిన కొడుకు గుర్తుకొస్తున్నాడన్నాడు. ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

గలగలమని చప్పుడైంది.

అందరం ఒకేసారి పైకి చూశాం. తళుకు కాగితం పట్టీలు ఒకటి, రెండు, తర్వాత అన్నీ లేచి, గొట్టం మూతి నుంచి మా వైపు నిలువునా సాగి కొట్టుకుంటున్నాయి. చల్లటి గాలి ముందు వదిన ముఖానికి తగిలింది. ఆమె చేతులు తీసి, కళ్లు మూసుకొని, ఆ గాలిని తాగినట్టు తాగింది. ఎవరూ పాడలేదు, నవ్వలేదు. నవ్వితే పోతుందేమోనని భయం. కదలకుండా కూర్చుండిపోయాం.

మే, చివరి ఆదివారం

వదిన కాళ్ల వాపు తగ్గింది. ఇప్పుడు పడుకుని నిద్రపోతోంది.

నాకు కొత్త తలనొప్పి పట్టుకుంది. ఒకసారి రుచి మరిగాక వదిన నోరు ఆగడం లేదు. పప్పులో ఉప్పు తక్కువట. దిండు గట్టిగా ఉందట. సినిమాలో రొట్టెల కొట్టువాడు అందగాడు కాదట. ఇలాగైతే అదే నీ మామూలు గొంతని సల్లమ్మ అనుకుంటుంది, నా గతే నీకూ పడుతుందని బెదిరించాను. దాంతో కొంచెం తగ్గింది. ఇప్పుడు గాలి గొట్టం కింద ఉన్నది ఉన్నట్టు మాత్రమే చెప్తోంది, ఉప్పు సంగతులు నా చెవిలో చెప్తోంది.

పాటలు మళ్లీ పెట్టాను. పెట్టకుండా ఉండలేం. పాడుతూ ఒక కన్ను కాగితాల మీద ఉంచుతాం. అవి వాలడం మొదలవగానే పాట ఆపేసి, ఎవరికి నిజంగా కష్టంగా ఉందో వాళ్లు చెప్తారు. మిగతావాళ్లు వింటారు. చెప్పడం అయ్యాక మళ్లీ పాట. ఇప్పటి పాస్టరుగారికి ఇది నచ్చలేదు. కేకు ఇంకా కోయలేదు, చూద్దాం.

మొండయ్య కబురు పంపాడు. నాలుగో గ్యాలరీలో వణుకు తగ్గిందట. జింక బొమ్మ స్వెట్టర్‌ను పెద్దపిల్ల ఒంటి మీద నుంచి తీయనివ్వడం లేదట. దాన్ని చూసి, తమ్ముడు పోయాక మొదటిసారి వాళ్లింట్లో నవ్వారట.

సాయంత్రం సినిమా చూస్తుంటే వదిన నన్ను మోచేత్తో పొడిచింది.

"సలి పెడ్తుందే. నా స్వెట్టరేది?"

"నువ్వే ఇచ్చినవు గదా!"

"అన్నీ ఇచ్చినవా? ఒక్కటన్న దాసిపెట్టొద్దా? తెలివి లేని పిల్లవు" అని నిజంగానే వణుకుతూ నన్ను తిట్టింది. నా కొంగు తీసి ఆమె భుజాల మీద కప్పాను. తెర మీద మంచు పడుతోంది. ఆమె నా చెయ్యి పట్టుకొని, దాన్ని తన ఒళ్లో పెట్టుకొని వెచ్చచేసుకుంది.

బర్నబా నుంచి కూడా కబురు వచ్చింది. గోదావరి అవతల మబ్బు కనిపించిందట. అక్క ఎట్లున్నదని అడిగాడు. నువ్వే వచ్చి అడుగు, ఈసారి నిజం చెప్తుందని చెప్పి పంపాను.

సాక్ష్యం చెప్పమంటే నేను ఏనాడూ లేవలేదు. ఉన్న కష్టాలు చెప్పడానికే నాకు పొద్దు చాలదు. ఈ ఒక్క పూటకు మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను. దేవుని కృప వల్ల మంచిగున్నాను. ఏ లోటూ లేదు.

రాస్తాను గాని, పైకి అనను. పక్కనే వదిన పడుకొని ఉంది, గొట్టం తెరిచి ఉంది, సల్లమ్మ వింటోంది.